రిసెప్షన్‌కి దగ్గర గది

అమ్మడూ,

నిన్న రాత్రి పదిన్నరకి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు చెల్లెలి ఫోన్ అనగానే గుండె ఝల్లుమంది. నీకు దక్షిణ గోవాలో బీచ్ రిసార్ట్‌లో ఫ్రంట్ ఆఫీస్ ఉద్యోగం వచ్చిందని చెప్పి ఏడ్చింది. సంతోషమో దిగులో దానికే తెలియదు. నేను మాత్రం మీ అత్తయ్యని నిద్ర లేపి మరీ చెప్పాను. "అయితే ఇంట్లో ఇంకొకరికి కాళ్ళనొప్పులు ఖాయం" అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

పొద్దున నీతో మాట్లాడుతుంటే ఒక మాటన్నావు. "రూమ్ ఇవ్వడంలో ఏముంది మావయ్యా, సిస్టమే అలాట్ చేసేస్తుంది" అని. అప్పుడేమీ అనలేదు. తర్వాత అన్నం సయించలేదు. ఆ కౌంటర్ వెనక 31 ఏళ్ళు నిలబడ్డవాణ్ణి. ఫోన్‌లో చెబితే మధ్యలోనే "సరే మావయ్యా" అనేస్తావు, అందుకని రాస్తున్నాను.

చిన్నవి ముందు చెప్పేస్తా. బూట్లు అర సైజు పెద్దవి కొనుక్కో. నైట్ డ్యూటీలో ఖాళీ కడుపున కాఫీ తాగకు. గెస్ట్ రూమ్ నంబర్ ఎప్పుడూ పైకి చదవకు, కవర్ మీద రాసి వేలితో చూపించు. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళకి కింది అంతస్తు చివరి గది ఇవ్వకు, పక్క గదిలోకి తలుపున్న కనెక్టింగ్ రూమ్ అసలే ఇవ్వకు. షిఫ్ట్ మారేటప్పుడు నోటితో చెప్పింది లెక్కలోకి రాదు, లాగ్ బుక్‌లో రాయి.

చేరిన మొదటి వారం, నీ సెలవు రోజున, ప్రాపర్టీ అంతా నడువు. బగ్గీ ఎక్కకు. సిస్టమ్‌లో ఇరవై గదులకి "డీలక్స్ సీ వ్యూ" అని ఒకటే పేరుంటుంది. ఏ గది బాల్కనీలోకి కిచెన్ పొగ వస్తుందో, ఏ గది వెనక జనరేటర్ మోగుతుందో, ఏ బాత్రూమ్ గడప ఎత్తో, ఎక్కడ కొబ్బరిచెట్టు అడ్డమొచ్చి సముద్రం రెండు మూరలే కనిపిస్తుందో అందులో ఉండదు. రిసెప్షన్ నుంచి ప్రతి గదికి ఎన్ని అడుగులో లెక్కపెట్టుకో. నవ్వకు. నేను లెక్కపెట్టాను. ఎందుకో కింద రాస్తాను.

ఇంకో సంగతి. మన విశాఖలో సముద్రంలోంచి సూర్యుడు లేస్తాడు. అక్కడ సముద్రంలో మునుగుతాడు. మన దగ్గర సీ ఫేసింగ్ గది ఇస్తే పొద్దున్నే కళ్ళలో ఎండ కొట్టిందని గొడవ. మీ దగ్గర మధ్యాహ్నం మూడయ్యేసరికి గది వేడెక్కి ఏసీ పనిచేయడం లేదని ఫోన్లు. కొత్త దంపతులకి ఆ పడమటి బాల్కనీ స్వర్గం. చంటిపిల్లని పగలు పడుకోబెట్టే తల్లికి అదే గది నరకం. "సీ వ్యూ అన్నారు, సముద్రమేదీ?" అని కూడా అడుగుతారు. 1991లో తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ వచ్చాక, ఊళ్ళకి దూరంగా ఉన్న తీరంలో పోటు గీత, అంటే పోటప్పుడు నీళ్ళు వచ్చే హద్దు, నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కట్టకూడదన్నారు. తర్వాత సవరణలు వచ్చాయిలే. అయినా చాలా రిసార్ట్‌ల్లో గది, తర్వాత తోట, తర్వాత సరుగుడు చెట్లు, ఆ వెనకెక్కడో నీళ్ళు. ఆ దూరం బుకింగ్ అప్పుడే ఉన్నదున్నట్టు చెప్పు. దిగిన తర్వాత చెబితే మోసంలా వినిపిస్తుంది.

ఇక రిక్వెస్టులు. బుకింగ్ సైటు నుంచి వచ్చినా, ఏజెంటు పంపినా, ఫోన్‌లో అడిగినా చివరికి బుకింగ్ పక్కనుండే రిమార్క్స్ గడిలో ఒక ముక్కగా మారతాయి. "హై ఫ్లోర్." "క్వయట్ రూమ్." "నియర్ పూల్." ఒకటో రెండో రోజుల ముందు అరైవల్ లిస్ట్, అంటే రాబోయేవాళ్ళ జాబితా, దగ్గర పెట్టుకుని ఎవరికి ఏ గదో ముందే కేటాయించి బ్లాక్ చేస్తారు. ఎక్కువ రోజులుండేవాళ్ళని ముందు కూర్చోబెట్టు, ఒక్క రాత్రివాళ్ళు ఏ సందులోనైనా పడతారు. కనెక్టింగ్ రూమ్స్ అన్నింటికంటే ముందే చూసుకోవాలి. అలాంటి జతలు కొన్నే ఉంటాయి, ఆ రెండు గదులూ ఒకే రోజు ఖాళీ కావాలి. ఒక గదిలో ఉన్నాయన ఇంకో రోజు ఉంటానన్నాడా, నీ లెక్కంతా పేకమేడే. చాలామంది కనెక్టింగ్ అని అడుగుతారు గానీ వాళ్ళకి కావలసింది పక్కపక్క గదులే. అడిగి తెలుసుకో, సగం తలనొప్పి తగ్గుతుంది.

"తప్పకుండా ఇస్తాం" అన్న మాట నీ నోట రాకూడదు. "రాసుకున్నాను, బ్లాక్ చేసే వాళ్ళకి చెబుతాను, ఉన్నదాన్ని బట్టి చూస్తాం" అను. కుదరకపోతే వాళ్ళు బయలుదేరకముందే ఫోన్ చేసి చెప్పు. ఆ ఫోన్ చేయడానికి ప్రతివాడికీ బద్ధకమే. డిసెంబర్ ఆఖరి వారంలో నీకు ఊపిరాడదు, అప్పుడు కూడా చెయ్యి.

మనవాళ్ళ పెళ్ళిళ్ళు ఇప్పుడు గోవాలో బాగా అవుతున్నాయి. మగపెళ్ళివారికి గార్డెన్ వ్యూ, ఆడపెళ్ళివారికి సీ వ్యూ ఇచ్చి చూడు, నీకే తెలుస్తుంది. ఇద్దరికీ ఒకే వరస ఇవ్వు, అటు సగం ఇటు సగం. మైకుల్ని రాత్రి పదికి ఆపించే నిబంధన ఉంది గానీ, తెల్లవారుజామున మూడింటి ముహూర్తానికి సన్నాయిని ఎవరాపుతారు? లాన్ పక్క గదులు పెళ్ళివాళ్ళకే ఉంచు. మంచం ఉత్తరం తలగా ఉందని గది మార్చమనే పెద్దాయన కూడా వస్తాడు. గది మార్చక్కర్లేదు. హౌస్‌కీపింగ్ అబ్బాయిని పిలిచి దిండ్లు కాళ్ళవైపు పెట్టించి, దుప్పటి తిప్పించి పరిపించు. ఇది నాకు ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు, మా అమ్మ చెప్పింది. అంటే మీ అమ్మమ్మే.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1997 జనవరి, సంక్రాంతి వెళ్ళిన వారం. అప్పుడు భీమిలి రోడ్డులో ఒక రిసార్ట్‌లో చేస్తున్నా, పేరెందుకులే. కంప్యూటర్ లేదు. గోడకి రూమ్ రాక్ ఉండేది, గదికో అర, అందులో రంగు చీటీలు. రాజమండ్రి నుంచి పోస్టులో ఉత్తరం వచ్చింది, ఇంకు పెన్నుతో గుండ్రటి అక్షరాలు. మూడు రాత్రులకి గది కావాలి, రిసెప్షన్‌కి దగ్గరగా ఉండాలి. కారణం రాయలేదు.

సీజన్ అయిపోయి గదులు ఖాళీగా ఉన్నాయి. ఆ రోజు వచ్చింది వృద్ధ దంపతులు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో పెన్ను. రిసెప్షన్ పక్కనున్న మూడో నంబర్ గది మా దగ్గర అన్నిటికంటే చవకబారుది, టెలిఫోన్ బోర్డు శబ్దం గోడలోంచి వినిపిస్తుంది. పెద్దవాళ్ళు, మాస్టారు, పాపం డబ్బు చూసుకుని అడిగుంటారనుకున్నాను. సముద్రం పక్కన చిట్టచివరి కాటేజీ తాళం తీసి వాళ్ళ ముందు పెట్టాను. "ఇది మా బెస్ట్ రూమ్ అమ్మగారూ, అదనంగా పైసా తీసుకోను" అన్నాను. అప్పుడు నా మొహం ఎలా వెలిగిపోయి ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిడ తాళం తీసుకోలేదు. దానికి కట్టిన చెక్కబిళ్ళని వేలితో కొంచెం నా వైపు జరిపింది. "మేం రాసిన ఉత్తరం చూశారా బాబూ?" అంది. "చూశానండీ, అంతకంటే మంచిదే ఇచ్చాను" అన్నాను. ఆవిడ భర్త వైపు ఒకసారి చూసింది. ఆయన గోడ మీది క్యాలెండర్ శ్రద్ధగా చదువుతున్నాడు. ఆవిడ ఇంకేమీ అనకుండా తాళం తీసుకుంది.

ఆ రాత్రి డ్యూటీ కూడా నాదే. మూడున్నరకి ఆవిడ చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. కాటేజీ నుంచి రిసెప్షన్‌కి 340 అడుగులు, మధ్యలో మూడు చోట్ల మెట్లు. నేను లెక్కపెట్టింది ఆ తర్వాతే. మెలకువ వచ్చి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉందట, ఆయన లేడు. మాస్టారికి రెండేళ్ళుగా మతిమరుపు. రాత్రిళ్ళు లేచి నడుస్తాడు. కాటేజీ మెట్లు దిగితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం.

నేనూ, వాచ్‌మనూ, ఒక టార్చి. చంద్రుడు అప్పటికే అస్తమించాడు కాబోలు, అల కనిపించేది కాదు, చప్పుడే. ఆ చప్పుడు వైపు నడుస్తూ "మాస్టారూ, మాస్టారూ" అని అరిచాను. ఎంతసేపో తెలియదు. సరుగుడు తోట అవతల జాలర్లు తెప్పలు నీళ్ళలోకి నెడుతున్నారు, అక్కడున్నాడు. మోకాళ్ళ దాకా పంచె తడిసింది. ఎవరో తువ్వాలు కప్పి, చిన్న గ్లాసులో టీ ఇచ్చారు. జాలర్లని వరసలో నిలబడమని చెబుతున్నాడు, వాళ్ళు నిజంగానే నిలబడ్డారు. నన్ను చూసి "బెల్లు కొట్టారా?" అని అడిగాడు. "కొట్టారు మాస్టారూ, వెళ్దాం రండి" అని చెయ్యి పట్టుకున్నా. చల్లగా ఉంది ఆ చెయ్యి.

ఆవిడ నన్ను తిట్టలేదు. "రిసెప్షన్‌లో రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని ఉంటారు కదా అని అడిగాను బాబూ. ఆయన ముందు ఎలా చెప్పను?" అంది. అప్పటికప్పుడు మూడో నంబర్‌కి మార్చాం. మిగిలిన రెండు రాత్రులూ కుర్చీ ఆ తలుపుకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ బెల్లు ఇంకా కొట్టలేదని చెప్పి పంపాను. వెళ్ళేటప్పుడు ఆవిడ కంప్లైంట్ పుస్తకం తెరవలేదు. రాసి ఉంటే బాగుండేది, నా జీతం కోసి ఉండేవాళ్ళు, ఆ సంగతి అక్కడితో పోయేది.

అందుకే చెబుతున్నా. గెస్ట్ అడిగిన గది మనకి నాసిరకంగా కనిపిస్తే, చెయ్యి వెనక్కి తీసుకో. అప్‌గ్రేడ్ ఇచ్చేముందు అడుగు. కానీ కౌంటర్ దగ్గర అందరి ముందు "ఎందుకండీ?" అని అడగకు. బెల్ బాయ్ సామానుతో ఆయన్ని ముందు నడిపిస్తాడు, నువ్వు ఆవిడ పక్కన రెండడుగులు వెనక నడువు. "అమ్మగారూ, గదికి ఏది దగ్గరుంటే మీకు వీలు?" అను చాలు. మోకాళ్ళని ఒకరు, ఇన్సులిన్‌కి ఫ్రిజ్ అని ఒకరు, గురకకి పక్కగదివాళ్ళు తిడతారని ఒకరు చెబుతారు. చెప్పకపోతే అడిగిన గదే ఇచ్చెయ్యి. చెబితే ఆ కారణాన్ని రిమార్క్స్‌లో రాయి, పక్కన "గది మార్చవద్దు" అని ఫ్లాగ్ పెట్టు. లేకపోతే నీ తర్వాతి షిఫ్ట్‌లో ఎవడో ఫోన్ చేసిన పెద్దమనిషికి ఆ గది ఇచ్చేస్తారు. జనరల్ మేనేజర్ గారే ఫోన్ చేసినా సరే, ఎందుకు మార్చకూడదో చెప్పు. ఉద్యోగం పోతే మా ఇంటికి రా, మేడ మీద గది ఖాళీగానే ఉంది.

ఎంత తెలివిగలదానివో నాకు తెలుసు. స్కూల్లో ఉన్నప్పుడే మా హోటల్‌కొచ్చి రాక్‌లో చీటీలన్నీ రంగుల వారీగా సర్దేసి నాకు రెండు గంటల పని పెట్టావు. కొట్టబోయి ఆగాను. పొద్దున "సిస్టమే అలాట్ చేసేస్తుంది" అన్నది కూడా తెలియకనే అన్నావు. కానీ వర్షాకాలం సాయంత్రాలు నీళ్ళ దగ్గరికి వెళ్ళకు. డ్యూటీ అయ్యాక క్వార్టర్స్‌కి వెలుతురున్న దారినే నడువు, ఇద్దరు కలిసి నడవండి. మీ అమ్మకి రోజూ మెసేజ్ పెట్టు. నాకు అక్కర్లేదు, దాన్ని అడిగి తెలుసుకుంటా.

డిసెంబర్‌లో వచ్చి నీ ప్రాణం తియ్యం. జూలైలో వానలకి గదులు ఖాళీగా ఉంటాయి కదా, అప్పుడు నేనూ మీ అత్తయ్యా వస్తాం, మూడు రాత్రులు. స్టాఫ్ రేటు అడగకు, డబ్బు కట్టే ఉంటాం. రిమార్క్స్‌లో ఇలా రాసుకో: కింది అంతస్తు, మెట్లు లేని దారి, ఆవిడకి ఎడమ మోకాలు వంగదు. సముద్రం కనిపించకపోయినా పర్వాలేదు. నాకు రాత్రిళ్ళు నిద్ర తక్కువైంది, రిసెప్షన్‌కి దగ్గరగా ఉంటే నీ నైట్ డ్యూటీలో వచ్చి కూర్చుంటా.

మీ మావయ్య