ఎలిజబెత్, ఇసబెల్ ఒకటేనా?

ప్రశ్న: నేను స్పానిష్ నేర్చుకుంటున్నానండి, ప్రాక్టీస్ కోసం పాత వార్తలు చదువుతుంటే 2022 సెప్టెంబర్‌లో "ఇసబెల్ 2 ఇక లేరు" అని కనబడింది, పక్కన ఫోటో చూస్తే ఇంగ్లండ్ రాణి! వాళ్ళు పొరపాటు పడ్డారా, లేక ఆవిడకి ఇంకో పేరుందా?

జవాబు: పొరపాటేం లేదండి, రెండూ ఒకే పేరు. మూలం హీబ్రూ, బైబిల్లో అహరోను భార్య ఎలీషెబ ఉంది కదా, అదే. గ్రీకులోకెళ్ళి ఎలిసాబెత్ అయింది, ఇక అక్కడ్నుంచి ఎవరి నోరు ఎలా తిరిగితే అలా. గ్రీకువాళ్ళు తర్వాత్తర్వాత 'బ'ని 'వ' అనడం మొదలెట్టారు, రష్యన్లకి పేరు వాళ్ళ దగ్గర్నుంచే వచ్చింది కాబట్టి యెలిజవేత అయి కూర్చుంది. ఇటాలియన్లో ఎలిసబెత్తా, పోలిష్‌లో ఎల్జ్‌బియేతా, హంగేరియన్లో ఎర్జేబెత్ (ఇది ఒక్క గుక్కలో అనడం నావల్ల ఇప్పటికీ కావట్లేదు). లీసా, ఎల్సా, బెట్టీ, బెత్ ఇవన్నీ ముందో వెనకో ఓ ముక్క తుంచుకున్న ముద్దుపేర్లే.

స్పెయిన్ వైపు మాత్రం ముందున్న 'ఎల్' ఊడిపోయింది, వాళ్ళ భాషలో 'ఎల్' అంటే ఇంగ్లిష్ 'ది' లాంటి మాట, అందుకే అది పేరులో భాగం కాదనుకుని వదిలేశారని అంటారు. చివర 'త్' కాస్తా 'ల్' అయింది.

నమ్మకం కుదరకపోతే ఒక్క కుటుంబం చూడండి. హంగేరీ రాజకుమారి సెయింట్ ఎర్జేబెత్ 1231లో పోయింది, తర్వాత 1271లో ఇప్పటి స్పెయిన్‌లో ఉన్న అరగాన్ రాజవంశంలో ఓ పాప పుడితే ఆవిడ పేరే పెట్టారు, ఆవిడ ఈ పాపకి నాయనమ్మ సవతి అక్క అవుతుంది, కానీ ఇక్కడ పిలిచింది ఇసబెల్ అని! ఆ పాపే తర్వాత పోర్చుగల్ రాణి, ఇంగ్లిష్ పుస్తకాల్లో మళ్ళీ ఎలిజబెత్.

స్పానిష్‌లో ఇలా మార్చేది ఎక్కువగా రాజులకీ రాణులకే, సినిమా నటి ఎలిజబెత్ టేలర్ అక్కడా ఎలిజబెత్ టేలరే. ఇప్పటి ఇంగ్లండ్ రాజు చార్లెస్ కూడా వాళ్ళకి కార్లోస్ 3.

అసలు తికమక ఇంకోటుంది, స్పెయిన్‌కి సొంతంగా ఓ ఇసబెల్ 2 ఉంది, 1833 నుంచి 1868 దాకా ఏలింది. పేరూ నంబరూ రెండూ కలిశాయి కాబట్టి చదివేటప్పుడు ఏడాది చూసుకోండి. మాడ్రిడ్‌కి నీళ్ళిచ్చే సంస్థ పేరు 'కనాల్ దె ఇసబెల్ 2', 1851లో పెట్టింది, ఆ పేరు లండన్ రాణిది కాదు, వాళ్ళ రాణిదే.