కిడ్నీ తీసేసిన పన్నెండేళ్లకు పాంక్రియాస్‌లో గడ్డ

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 64 ఏళ్లు. పన్నెండేళ్ల కింద క్యాన్సర్ అని కుడి కిడ్నీ తీసేశారు. అయిదేళ్లు స్కాన్‌లు చేయించి, ఏమీ లేదంటే ఇక మానేశాం. మొన్న గ్యాస్ నొప్పి అని వెళితే పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) తోక భాగంలో 3 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. పాత కిడ్నీ క్యాన్సరే అక్కడికి పాకిందని బయాప్సీలో తేలింది. ఆపరేషన్ చేస్తామంటున్నారు. మా చుట్టాల్లో ఒకాయన పాంక్రియాస్ క్యాన్సర్‌తో ఏడు నెలల్లోనే పోయారు. మాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఈ వయసులో ఇంత పెద్ద ఆపరేషన్ అవసరమా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ చుట్టంతో పోల్చుకోవడం మానేయండమ్మా. ఆయనకు వచ్చింది పాంక్రియాస్‌లోనే పుట్టిన క్యాన్సర్, అది చాలా మొండిది. నాన్నగారిది కిడ్నీ నుంచి వచ్చింది. కిడ్నీ క్యాన్సర్‌లో ఎక్కువ మందికి ఉండే క్లియర్ సెల్ రకానికి ఇదో వింత అలవాటు, పదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా చప్పుడు చేయకుండా ఉండి పాంక్రియాస్‌లో తేలుతుంది, అక్కడ కూడా చాలాసార్లు నెమ్మదిగానే పెరుగుతుంది. (అయిదేళ్లు దాటాక స్కాన్ మానేయడంలో మీ తప్పేం లేదు, గట్టిగా చెప్పాల్సింది మా డాక్టర్లే.)

గడ్డ అక్కడ మాత్రమే ఉండి, మనిషికి తట్టుకునే ఓపిక ఉంటే ఆపరేషన్ మంచి దారే. ఇలా తీయించుకున్నవాళ్లలో సగం మందికి పైగా అయిదేళ్ల తర్వాత కూడా బతికే ఉన్నట్టు చాలా ఆసుపత్రుల లెక్కలు చెబుతున్నాయి. అయితే ఈ రకం ఒకే పాంక్రియాస్‌లో రెండు మూడు చోట్ల ఉండటం మామూలే కాబట్టి, ఇంకెక్కడైనా చిన్న మచ్చలున్నాయా, ఊపిరితిత్తులు, ఎముకలు శుభ్రంగా ఉన్నాయా అని ఆపరేషన్‌కి ముందే అడగండి. తోక భాగమైతే ఆ ముక్కనీ, చాలాసార్లు పక్కనున్న ప్లీహాన్నీ (స్ప్లీన్) తీస్తారు. తల భాగంలో ఉంటే విపుల్ ఆపరేషన్ అని ఇంతకంటే చాలా పెద్దది చేయాల్సి వచ్చేది. పాంక్రియాస్ మొత్తం తీసేస్తే మాత్రం జీవితాంతం ఇన్సులిన్ తప్పదు. కోసిన చోట నుంచి రసం కారి కొన్ని వారాలు ట్యూబుతో ఉండాల్సి రావచ్చు, ఆ మాట ముందే తెలిసుంటే అప్పుడు కంగారు పడరు.

వేరే చోట్ల కూడా ఉంటే, లేదా గుండె జబ్బు లాంటివి ఉండి ఆపరేషన్ తట్టుకోలేరంటే, సునిటినిబ్, పాజోపానిబ్, కాబోజాంటినిబ్ లాంటి మాత్రలున్నాయి, గడ్డకు రక్తం అందకుండా చేసే ఈ మందులు పాంక్రియాస్‌కు పాకిన రకంలో బాగానే పనిచేస్తాయి. గడ్డ చిన్నదై, ఏ ఇబ్బందీ పెట్టకపోతే మూడు నెలలకోసారి స్కాన్ చేస్తూ కొంతకాలం చూడటం కూడా తప్పేం కాదు. అందుకే సర్జన్ ఒక్కరి మాటే కాకుండా మెడికల్ ఆంకాలజిస్టుని (క్యాన్సర్‌కు మందులిచ్చే డాక్టరుని) కూడా కలవండి, వారం పది రోజులు ఆలస్యమైతే కొంప మునగదు.

ఉన్నది ఒక్క కిడ్నీయే కాబట్టి ప్రతి కాంట్రాస్ట్ స్కాన్‌కీ (రంగు మందు ఎక్కించి తీసేది) ముందు క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, చేయించండి. ప్లీహం తీస్తారంటే న్యూమోనియా, మెనింజైటిస్ టీకాలు ఆపరేషన్‌కి కనీసం రెండు వారాల ముందే వేయించాలి, ఆ హడావిడిలో చాలామంది మర్చిపోయేది ఇదే.