కండరాల మీద పరిశోధన చేస్తానంటోంది, సరేననొచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం, వెయిట్‌లిఫ్టింగ్ చేస్తుంది. "మొదటి నెలలోనే ఎత్తే బరువు బాగా పెరిగింది, కండ మాత్రం పెరగలేదు, ఎందుకు?" అని కోచ్‌నీ, లెక్చరర్‌నీ అడుగుతూనే ఉంది. ఇప్పుడు కండరాల మీదే పరిశోధన చేస్తానంటోంది. చుట్టాలేమో నర్సింగ్‌లో చేర్చమంటున్నారు. దాని వెనక తమ్ముడి చదువు కూడా ఉంది. ఏం చేయమంటారు? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు అమ్మాయి ప్రశ్నకు జవాబు చెబుతానండీ. కొత్తగా బరువులెత్తేవాళ్లకు మొదటి కొన్ని వారాల్లో వచ్చే బలం చాలావరకు నరాల వల్లే. సాధన మొదలయ్యాక మెదడు, వెన్నుపాము ఎక్కువ కండర పోగులను ఒకేసారి పనిలోకి దించడం నేర్చుకుంటాయి. కండ లావెక్కడం ఆ తర్వాతి సంగతి. దీన్ని తేల్చడానికి చర్మం మీద ఎలక్ట్రోడ్లు అంటించి కండరంలోని విద్యుత్ సంకేతాలు కొలుస్తారు. ఇంకా లోతుగా చూడాలంటే తొడకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, లావుపాటి సూదితో చిన్న ముక్క తీసి, గడ్డకట్టించి, పలచగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్‌ కింద పెడతారు. నిదానంగా పనిచేస్తూ అలసిపోని పోగులు, ఒక్క ఊపులో బలం చూపి త్వరగా అలసిపోయే పోగులు వేర్వేరుగా కనిపిస్తాయి. మీ అమ్మాయి అడుగుతున్నది పరిశోధకులు అడిగే ప్రశ్నేనండీ. దాన్ని చిన్నచూపు చూడకండి.

వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరున్న కొండవెలగాడ మీ మండలంలోనే ఉంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లాలో పెరిగారు. మన దగ్గర లిఫ్టర్లకు కొదవ లేదు. వాళ్ల శరీరాన్ని కొలిచి, చదివి, గాయాలు తగ్గించే మనుషులే కావాలి.

ఇది ఆటగాళ్లకే పరిమితమైన చదువూ కాదు. మన ఒంటి బరువులో సుమారు 40 శాతం కండరాలే. భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా వాటిలోకే వెళుతుంది, అందుకే షుగర్ వ్యాధికీ కండరానికీ అంత దగ్గర సంబంధం. ఉద్దానంలో ఎంతోమందిని పీడిస్తున్న కిడ్నీ జబ్బు ముదిరితే కండ కరిగిపోతుంది, చేతి పట్టు సడలుతుంది. ఆ పట్టును చిన్న పరికరంతో కొలవొచ్చు. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు ఎలాంటి వ్యాయామం, ఎంత ప్రోటీన్ సరిపడుతుందన్నది మన ప్రాంతానికి నిజంగా అవసరమైన ప్రశ్న.

ఇక దారి. తమ్ముడి చదువు కూడా ఉందన్నారు కాబట్టి నా ఓటు ఫిజియోథెరపీకి, అంటే బీపీటీకి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి సుమారు ఐదేళ్లు. మొదట్లో జీతం గొప్పగా ఉండకపోవచ్చు, కానీ చేతిలో పని ఉంటుంది. తర్వాత ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ), పీహెచ్‌డీ చేయొచ్చు. ప్రవేశ నిబంధనలు మారుతుంటాయి, ఏజెంట్ల మాట వినకుండా ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషనే చూడండి.

ల్యాబ్‌లో కణాల మీద పని చేయాలనుకుంటే బీఎస్సీ, ఎమ్మెస్సీ దారి. లైఫ్ సైన్సెస్‌లో సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు వస్తాయి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో కండర మూలకణాల (స్టెమ్ సెల్స్) మీద పని జరిగింది. అక్కడి జాతీయ పోషకాహార సంస్థలో స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ ఉంది. దారి పొడవే, అయినా పనికొచ్చే దారి.

ఏ దారైనా ఫిజిక్స్, స్టాటిస్టిక్స్ వదిలేయొద్దని చెప్పండి. బైపీసీ పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. కండరం పుట్టించే బలాన్ని లెక్కకట్టలేకపోతే పరిశోధన ముందుకు సాగదు.

నర్సింగ్ గౌరవమైన చదువే. కానీ ఇష్టం లేకుండా చేర్పించాల్సిన చదువు కాదు. ఇంటర్ పరీక్షలయ్యాక దగ్గర్లోని పెద్దాసుపత్రిలో అనుమతి అడిగి, అమ్మాయిని ఒక పూట ఫిజియోథెరపీ విభాగంలో కూర్చోబెట్టండి. పక్షవాతం వచ్చినవాళ్లను అడుగులో అడుగు వేయించే ఆ ఓపికైన పనిని చూశాక కూడా తన మాట మీదే ఉంటే, బీపీటీకి దరఖాస్తు పెట్టించండి.