హాస్టల్‌లో చేరిన అమ్మాయికి బీఎంఐ 17.6 వస్తే కంగారు పడాలా?

ఎచ్చెర్ల యూనివర్సిటీలో కొత్తగా చేరిన మీ అమ్మాయికి 18 నిండాయి, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 45 కిలోలు అన్నారు. బీఎంఐ అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క. బరువు 45ని ఎత్తు 1.6 మీటర్లతో రెండుసార్లు భాగిస్తే 17.6. 18.5 కంటే తక్కువ కాబట్టి బరువు తక్కువే. టెన్షన్ వద్దు, అలాగని వదిలేయకండి.

బీఎంఐలో రక్తహీనత కనబడదు. బరువు సరిపడా ఉన్న పిల్లల్లోనూ అది ఉంటుంది. అందుకే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతే, డాక్టరుకి చూపించాలి.

హాస్టల్ పిల్లలు చాలామంది పొద్దున్న టిఫిన్ మానేసి, టీ తాగి క్లాసుకి పరిగెడతారు. అసలు నష్టం అక్కడే. గదిలో వేయించిన వేరుశనగ గుళ్లు, బెల్లం ఉంచుకోమనండి. ఇంటికొచ్చినప్పుడు చోడి (రాగి) అంబలి పెట్టండి. మెస్‌లో గుడ్డు వదలొద్దనండి. టీ మాత్రం భోజనమయ్యాక గంట ఆగి తాగాలి, లేకపోతే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. మూడు నెలలైనా బరువు పెరగకపోయినా, నెలసరి తప్పుతున్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.