కెమెరా లెక్క వేరు, అమ్మకం లెక్క వేరు

చిరంజీవి అబ్బాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు రాసింది చదివాను. ఖరీదు ఎక్కువే అయినా కెమెరా గొప్పగా ఉంటుంది కాబట్టి, రెండేళ్లు వాడి అమ్మినా మంచి ధర పలుకుతుందని నీకు నువ్వే నచ్చజెప్పుకుంటున్నావు. ఫ్లాగ్‌షిప్ ఫోను, అంటే ఒక సంస్థ తెచ్చేవాటిలో అన్నిటికన్నా మేటి ఫోను, కొనేవాళ్లు చాలామంది ఇలాగే లెక్క వేసుకుంటారు. లెక్క తప్పు నాయనా. పాత ఫోను కొనేవాడు కెమెరా బాగుందని అదనంగా ఏమీ ఇవ్వడు. అదే కెమెరా చెడిపోయి ఉంటే మాత్రం ధరలో పెద్ద కోత పెడతాడు. ఫిలిం కాలం నుంచి కెమెరా పట్టినదాన్ని, మనవాళ్లందరి ఫోన్లూ కొనిపెట్టడం, అమ్మిపెట్టడం అలవాటైనదాన్ని కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. కెమెరాను నీ ఫొటోల కోసం ఎంచుకో. అమ్మకం ధర సంగతి వేరే చూసుకోవాలి.

నమ్మకం కుదరకపోతే నోకియా 808 ప్యూర్‌వ్యూ కథ చూడు. 2012లో 41 మెగాపిక్సెల్స్‌తో వచ్చింది (ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు). వెలుతురును పట్టి ఫొటోగా మార్చే చిప్పు, అదే సెన్సర్, దాని పరిమాణంలో అప్పట్లో అమ్ముడవుతున్న ఫోన్లేవీ దాని దరిదాపుల్లో లేవు. దానితో పగటి వెలుతురులో తీసిన ఫొటోలు ఇప్పుడు చూసినా ముక్కున వేలేసుకుంటావు. కానీ అది నడిచింది సింబియన్ అనే ఆపరేటింగ్ వ్యవస్థ మీద. ఆ వ్యవస్థకు అప్పటికే రోజులు దగ్గరపడ్డాయి. మరుసటి ఏడాది అదే 41 మెగాపిక్సెల్స్ ఊపులో లూమియా 1020 వచ్చింది, ఈసారి విండోస్ ఫోన్ మీద. తర్వాత వచ్చిన విండోస్ 10 మొబైల్ దానికి అధికారికంగా అందనే లేదు. రెండింటిలోనూ కెమెరా అలాగే ఉంది, పనిచేసే యాప్‌లే లేకుండా పోయాయి. ఇప్పుడు వాటిని పాత వస్తువులు సేకరించేవాళ్లు తప్ప మరొకరు అడగరు. వీడియో తీసేవాళ్లు ముచ్చటపడిన ఎల్‌జీ వి శ్రేణి ఫోన్లకూ, ఆ సంస్థ 2021లో ఫోన్ల వ్యాపారమే మానుకోవడంతో, అదే గతి పట్టింది.

ఇక కెమెరా సంగతి. ముందు మెగాపిక్సెల్స్ మోజు వదులుకో. 2023లో వచ్చిన గెలాక్సీ ఎస్23 అల్ట్రా ప్రధాన కెమెరా 200 మెగాపిక్సెల్స్. అయితే మామూలుగా బటన్ నొక్కితే నీ చేతికి వచ్చే ఫొటో 12 మెగాపిక్సెల్స్ చిల్లరే. సెన్సర్ మీద పక్కపక్కనున్న 16 చుక్కలను ఒక్కటిగా కలిపి, వెలుతురును ఎక్కువగా పోగుచేసుకుంటుంది. 2022 నాటి ఐఫోన్ 14 ప్రోలో 48 మెగాపిక్సెల్స్ ఉన్నా, నాలుగేసి చుక్కలను కలిపి అదీ మామూలుగా 12 మెగాపిక్సెల్స్ ఫొటోనే ఇస్తుంది. ఇందులో మోసమేమీ లేదు, పనికొచ్చే పద్ధతే. కానీ డబ్బా మీద అంకె చూసి రెండు ఫోన్లను పోల్చడం మాత్రం దండగ.

పోల్చవలసింది సెన్సర్ పరిమాణం. అక్కడా పేరు గొప్ప ఊరు దిబ్బ వ్యవహారం ఉంది. "ఒక అంగుళం సెన్సర్" అని ఘనంగా చెబుతారు కదా, స్కేలు పెట్టి కొలిస్తే దాని వెడల్పు 13.2 మిల్లీమీటర్లు, ఎత్తు 8.8 మిల్లీమీటర్లు. మూల నుంచి మూలకు కొలిచినా 16 మిల్లీమీటర్లకు మించదు. ఆ అంగుళం పాత టీవీ కెమెరాల్లో వాడిన గాజు గొట్టాల బయటి వ్యాసం నుంచి మిగిలిపోయిన పేరు. అయినా ఫోనులో అది పెద్ద సెన్సరే. తక్కువ వెలుతురులో ఆ తేడా కంటికి కనిపిస్తుంది.

పెద్ద సెన్సర్‌కు ఒక చిక్కు ఉంది, దుకాణంలో ఎవరూ చెప్పరు. దగ్గరి వస్తువును తీసినప్పుడు స్పష్టంగా వచ్చే లోతు తగ్గిపోతుంది. అక్షరాలున్న కాగితాన్ని కొంచెం ఏటవాలుగా పట్టుకుని దగ్గరగా ఫొటో తీయి. మధ్యలో అక్షరాలు చెక్కినట్లు వస్తాయి, అంచుల దగ్గర మసకబారతాయి. మరీ దగ్గరికి వెళ్తే చాలా ఫోన్లు తమంతట తామే అల్ట్రావైడ్ కెమెరాకు, అంటే విశాలమైన దృశ్యం పట్టే మరో కెమెరాకు, మారిపోతాయి. తెర మీద దృశ్యం ఒక్కసారి చిన్నగా ఎగిరినట్లు అనిపిస్తుంది చూడు, అదే ఆ మార్పు. నువ్వు రోజూ కాగితాలు, నోట్సులు ఫొటో తీసుకునేవాడివి కనుక ఇది నీకు పట్టే విషయమే.

సెన్సర్ ఒక్కటే సర్వస్వం అనుకోవద్దు. గూగుల్ 2018 నాటి పిక్సెల్ 3 నుంచి 2020 నాటి పిక్సెల్ 5 దాకా ప్రధాన కెమెరాలో ఒకే సెన్సర్‌ను వాడింది, 12 మెగాపిక్సెల్స్‌ది. అయినా ఆ మూడేళ్లూ ఫోను కెమెరాల గురించి మాట్లాడితే ఆ పేరు ముందు వరుసలో ఉండేది. ఒక్కసారి నొక్కితే వెంటవెంటనే అనేక ఫొటోలు తీసి, వాటిని పేర్చి, మచ్చలు తీసేసి ఒకటిగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ ప్రతిభ అది. ఇందులో నీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, కెమెరా సామగ్రి ఏడాదికేడాదికి పెద్దగా మారదు. కాబట్టి నీకు కెమెరాయే ముఖ్యమైతే, కొత్త ఫ్లాగ్‌షిప్ వచ్చిన వారం పదిరోజులకు దాని ముందటేడాది ఫోను కొనుక్కో. ఫోను ధర ఎక్కువగా కరిగేది మొదటి ఏడాదిలోనే. ఆ కరుగుదల మరొకరి ఖాతాలో పడనీ. ఆపిల్ ప్రో ఫోన్లను సాధారణంగా సెప్టెంబరులో తెస్తుంది, సామ్‌సంగ్ ఎస్ శ్రేణిని ఏడాది మొదట్లో తెస్తుంది, గూగుల్ 2024 నుంచి ఆగస్టుకు మారింది. ఈ నెలలు గుర్తుపెట్టుకుంటే కొనడానికీ అమ్మడానికీ పనికొస్తాయి.

దుకాణంలో పెట్టిన ఫోనుతో అందరూ చేసే పని, దేదీప్యమానమైన లైట్ల కింద ఒక రంగుల బొమ్మను ఫొటో తీసి "ఆహా" అనుకోవడం. అంత వెలుతురులో తక్కువ ధర ఫోను కూడా బాగానే తీస్తుంది. నువ్వు వెలుతురు తక్కువగా ఉన్న మూల వెతుక్కో. అక్కడ నడుస్తున్న మనిషిని తీయి. నువ్వు నొక్కిన క్షణానికీ ఫొటోలో అడుగు పడిన చోటుకూ ఎంత తేడా ఉందో చూడు. చేతులు, ముఖం చెదిరాయా, నిలిచాయా? తర్వాత కిటికీకి వీపు పెట్టి నిలబడిన మనిషిని తీసి, ముఖం రంగు సహజంగా ఉందా, సున్నం కొట్టినట్లు తెల్లబారిందా చూడు. జుట్టునూ ఆకులనూ పెద్దవి చేసి చూడు. పోగులు పోగులుగా కనిపించాలి. రంగు అలికినట్లు ఉంటే సాఫ్ట్‌వేర్ అతిగా నునుపు చేసిందని అర్థం.

జూమ్ విషయంలో వేలితో చేసే పరీక్ష ఒకటి ఉంది, నాకు మహా ఇష్టం. ఐదు రెట్లు దగ్గరకు తెచ్చే ప్రత్యేక లెన్స్ ఉందని చెప్పారనుకో. ఆ మసక వెలుతురులోనే తెర మీద ఐదు రెట్ల గుర్తు నొక్కి, ఆ లెన్స్‌ను వేలితో పూర్తిగా మూసెయ్. తెర నల్లబడితే పనిచేస్తున్నది ఆ లెన్సే. తెర మీద దృశ్యం ఏమీ పట్టనట్లు అలాగే ఉంటే, ఫోను ఆ లెన్స్‌ను పక్కనపెట్టి ప్రధాన కెమెరా దృశ్యాన్నే కత్తిరించి పెద్దది చేసి చూపిస్తున్నదన్నమాట. వెలుతురు చాలనప్పుడు, వస్తువు మరీ దగ్గరగా ఉన్నప్పుడు చాలా ఫోన్లు ఈ పని చేస్తాయి. నువ్వు ఎక్కువగా రాత్రిళ్లు, గదుల్లో ఫొటోలు తీసేవాడివైతే, ఎన్నడూ మేల్కోని లెన్స్ కోసం డబ్బు పోయడం ఎందుకు?

ఇక అమ్మకం లెక్క. ఇందులో మొదటిది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇంకా ఎన్నేళ్లు మిగిలి ఉన్నాయన్నది. గూగుల్ 2023లో పిక్సెల్ 8తోనూ, సామ్‌సంగ్ 2024లో గెలాక్సీ ఎస్24తోనూ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి. ఆపిల్ సంగతి చేతల్లోనే కనిపిస్తుంది. 2015 నాటి ఐఫోన్ 6ఎస్‌కు 2021లో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15 కూడా అందింది. ఐఫోన్లు ధర నిలుపుకోవడానికి పేరు ఎంత కారణమో ఇదీ అంతే కారణం. ఏడేళ్లు అన్న మాటలో ఒక మెలిక ఉంది, మరిచిపోకు. లెక్క మొదలయ్యేది ఫోను మార్కెట్‌లోకి వచ్చిన రోజు నుంచి, నువ్వు కొన్న రోజు నుంచి కాదు. ముందటేడాది ఫోను కొనమని నేనే అన్నాను కదా, అందులో ఒక ఏడాది అప్పటికే ఖర్చయి ఉంటుంది. నువ్వు మూడేళ్లు వాడి అమ్మే సమయానికి కొనేవాడికి ఇంకా రెండు మూడేళ్లు మిగిలేలా చూసుకుంటే చాలు.

రెండోది బ్యాటరీ. ఐఫోన్ 14 దాకా 500 చార్జింగ్ చక్రాలకు, 15 నుంచి 1000 చక్రాలకు 80 శాతం సామర్థ్యం మిగిలేలా తయారుచేశామని ఆపిల్ చెబుతుంది (మొత్తం మీద నూరు శాతం చార్జీ వాడితే ఒక చక్రం). కొనేవాడు సెట్టింగ్స్‌లోకి వెళ్లి నేరుగా చూసేది ఈ శాతాన్నే. 80 కిందికి దిగిందంటే బేరం మొదలుపెట్టడానికి అతనికి అంతకన్నా ఆయుధం అక్కర్లేదు. అందుకే చార్జింగ్ 80 దగ్గర ఆగిపోయే ఏర్పాటు ఫోనులో ఉంటే మామూలు రోజుల్లో అది పెట్టుకో. చార్జింగ్ అవుతున్న ఫోనును దిండు కిందా ఎండలోనూ పెట్టకు. బ్యాటరీని చంపేది వేడి.

ఎక్కువ స్టోరేజీకి నువ్వు కట్టిన అదనపు డబ్బు అమ్మినప్పుడు చాలావరకు తిరిగి రాదు. నీకు అవసరమైతే తీసుకో, పెట్టుబడి అనుకుని తీసుకోకు. మడతపెట్టే ఫోన్ల ధర మామూలు ఫోన్ల కన్నా తొందరగా పడిపోతుంది. రంగు నీ ఇష్టం.

మొదట్లో అన్నాను చూశావా, చెడిన కెమెరాకు పెద్ద కోత పడుతుందని. అది చెడకుండా చూసుకోవడం మీద ఎవరికీ శ్రద్ధ ఉండదు. ఇప్పటి ఫోన్లలో చేతి వణుకును సరిచేయడానికి లెన్స్‌ను గానీ సెన్సర్‌ను గానీ అతి సున్నితంగా కదిపే ఏర్పాటు ఉంటుంది. బలమైన మోటారు సైకిళ్ల హ్యాండిల్‌కు ఫోనును నేరుగా బిగిస్తే ఆ ప్రకంపనలకు ఈ ఏర్పాటు దెబ్బతినవచ్చని 2021లో ఆపిల్ స్వయంగా హెచ్చరించింది. నువ్వు బండి మీద దారి చూసుకోవడానికి ఫోను బిగించే అలవాటున్నవాడివి. ఆ పనికి పాత ఫోను వాడు, లేదా ప్రకంపనలను మింగే మౌంట్ పెట్టుకో. వేడుకల్లో లేజర్ లైట్లు తిరుగుతున్నప్పుడు కెమెరాను వాటికి ఎదురుగా పట్టకు. ఆ కిరణం నేరుగా తగిలితే సెన్సర్ మీద గీతలు, చుక్కలు పడి శాశ్వతంగా ఉండిపోతాయి. లెన్స్‌ల మీద అంటించే అద్దాల బిళ్లలు నాకు నచ్చవు. రాత్రి దీపాల చుట్టూ దెయ్యపు వెలుగులు వచ్చేది చాలాసార్లు వాటి వల్లే. అంచులు కాస్త ఎత్తుగా ఉన్న కవరు వేసుకుంటే చాలు. పగిలితే అధికారిక సర్వీసు కేంద్రంలోనే మార్పించి రసీదు దాచుకో. ఐఫోన్లయితే ఏ భాగం మార్చారో, అది అసలుదో కాదో సెట్టింగ్స్‌లోనే కనిపించే కాలం ఇది.

అమ్మేటప్పుడు తెల్లగోడను ప్రతి లెన్స్‌తోనూ ఒక ఫొటో తీసి కొనేవాడికి చూపించు. లోపల దుమ్ముగానీ మచ్చగానీ ఉంటే తెల్లగోడ మీద ఇట్టే తెలిసిపోతుంది. లేకపోతే అతని అనుమానం అక్కడితో తీరిపోతుంది. నువ్వు పాత ఫోను కొంటున్నా ఇదే చేయించు. అప్పగించే ముందు ఫొటోలు రెండు చోట్ల భద్రపరుచుకుని, ఇ-సిమ్ (ఫోనులోనే ఉండే డిజిటల్ సిమ్) ఉంటే తీసేసి, ఖాతా నుంచి సైన్ అవుట్ అయ్యాకే రీసెట్ చెయ్యి. సైన్ అవుట్ మరిచి రీసెట్ చేస్తే ఫోను మళ్లీ నీ పాస్‌వర్డే అడగవచ్చు. కొన్నవాడు నీ వెంటపడతాడు. డబ్బా, బిల్లు మొదటి రోజు నుంచీ ఒకచోట పెట్టుకో. కొత్త మోడల్ ప్రకటించే నెలకు ముందే అమ్మకానికి పెట్టు. పాతది ఇచ్చి కొత్తది తీసుకునే మార్పిడి పథకంలో శ్రమ తక్కువ, అందుకు తగ్గట్టు సాధారణంగా ధరా తక్కువే. ఓపిక ఉంటే నేరుగా అమ్ముకో.

రెండు ఫోన్ల మధ్య ఊగుతున్నానన్నావు. వాటి పేర్లు చూసి నేనేమీ చెప్పను. దుకాణానికి వెళ్లినప్పుడు రెండింటితోనూ మసక వెలుతురులో నడిచే మనిషిని, కిటికీ ముందు ముఖాన్ని, ఏటవాలుగా పట్టుకున్న కాగితాన్ని తీసి పంపు. వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్లుగా పంపు. ఏ ఫొటో ఏ ఫోనుదో మాత్రం రాయకు. కంప్యూటర్ తెర మీద పెద్దవి చేసి చూసి, ఏది బాగుందో చెబుతాను.

నీ పెద్దమ్మ