దిసమొలతో మైదానంలోకి వస్తే ఆ బంతి చెల్లుతుందా?

ప్రశ్న: క్రికెట్ మ్యాచ్ నడుస్తుండగా ఎవరో బట్టల్లేకుండా పరుగెత్తుకొస్తే అప్పుడు వేసిన బంతి చెల్లుతుందా? టీవీలో ఎందుకు చూపించరు?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: అది అంపైర్ తేల్చాలి. బయటివాళ్లు అడ్డురావడం వల్ల ఏదో ఒక జట్టుకు నష్టం జరిగిందనుకుంటే ‘డెడ్ బాల్’ (ఆట అక్కడితో ఆగినట్టు) అనాలని 2022 నిబంధనల్లో చేర్చారు. కుక్క వచ్చినా ఇదే లెక్క. బ్యాటర్‌కు ఆడే అవకాశం రాకముందే డెడ్ అంటే ఆ బంతి ఓవర్లో లెక్కకు రాదు, మళ్లీ వేయాల్సిందే. కొట్టిన బంతి ఎలాగూ బౌండరీకి చేరేదేనని అంపైర్లిద్దరూ అనుకుంటే మాత్రం ఆ నాలుగూ ఇచ్చేస్తారు.

ఇక కెమెరా సంగతి. ఈ పరుగుకు కూలి జనం చూపే. అది దక్కితే రేపు ఇంకొకడు దూకుతాడు. అందుకే కెమెరాను గ్యాలరీ వైపు తిప్పేస్తారు. ఒకప్పుడు ఇంత పట్టింపు లేదు. 1975 ఆగస్టు 4న లండన్‌లోని లార్డ్స్ మైదానంలో ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల యాషెస్ టెస్ట్ జరుగుతుంటే మైఖేల్ ఏంజెలో అనే ఓడ వంటవాడు కాళ్లకు బూట్లతో, ఒంటిమీద నూలుపోగు లేకుండా వచ్చి వికెట్ల మీంచి ఎగిరి దూకాడు. ఆ ఫొటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఇలా దూకుతానని కట్టిన పందెం 20 పౌండ్లు, పడిన జరిమానా కూడా సరిగ్గా 20 పౌండ్లే!

పట్టుకోవడం ఆటగాళ్ల పని కాదు. 2008లో బ్రిస్బేన్‌లో మనతో జరిగిన ఫైనల్లో ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్ ఇలా వచ్చిన ఒకణ్ని భుజంతో గుద్ది పడేశాడు. చూసినవాళ్లకు సరదాగానే ఉంటుంది. కానీ ఆ భుజమే పట్టేస్తే జట్టుకు నష్టం, కిందపడ్డవాడికి దెబ్బ తగిలితే కేసు.

ప్రశ్న: మన దేశంలో ఏ సెక్షన్ పెడతారు? నిరసన కోసమైతే మినహాయింపు ఉందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: భారతీయ న్యాయ సంహిత 296, అంటే పాత ఐపీసీ 294. మూడు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నిరసనకు మినహాయింపేమీ రాసి లేదు. అయితే అశ్లీలంగా ప్రవర్తించారనీ, దానివల్ల ఇతరులు ఇబ్బంది పడ్డారనీ రెండూ రుజువు కావాలి. నగ్నంగా ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదని 2014లో ఒక ఫొటో కేసులో సుప్రీంకోర్టు అంది.

నిరసన అన్నారు కాబట్టి మణిపూర్ రాజధాని ఇంఫాల్ గుర్తుకు రావాలి. అస్సాం రైఫిల్స్ అనే కేంద్ర బలగం పట్టుకెళ్లిన మనోరమ అనే యువతి హత్య తర్వాత, 2004 జులై 15న పన్నెండుమంది తల్లులు కాంగ్లా కోట గేటు ముందు బట్టలు విప్పి నిలబడ్డారు. వాళ్లు పరుగెత్తలేదు, పందెమూ కట్టలేదు. అప్పుడా కోటలో ఉన్నది ఆ అస్సాం రైఫిల్సే. నవంబరుకల్లా ఆ బలగం కోట ఖాళీ చేసింది.