గేదె లాగితే వేలు తెగింది, తప్పు మా ఆయనదేనా?

ప్రశ్న: మా ఆయన ఒక డెయిరీలో గేదెల పని చేస్తారు. పోయిన నెల సూది వేయిస్తుంటే గేదె బెదిరి ఒక్కసారిగా తల విదిల్చింది. చేతికి చుట్టుకున్న పలుపు బిగుసుకుని చూపుడు వేలి పై కణుపు తెగిపోయింది. యజమానేమో నీ అజాగ్రత్తే అంటున్నాడు. మళ్లీ ఆ పనికి పంపాలంటే భయంగా ఉంది. - ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ అజాగ్రత్త అన్న మాట పక్కన పెట్టండి. సూది వేయాలంటే గేదెను ట్రెవిస్‌లో నిలబెట్టాలి, పశువుల ఆసుపత్రి ముందు ఇనుప గొట్టాలతో ఉండే చట్రం మీరూ చూసే ఉంటారు. నాలుగైదు వందల కిలోల పశువును ఒక మనిషి చేత్తో పట్టి ఆపమనడమే తప్పు, ఆ ఏర్పాటు యజమాని చేయాలి.

ఇక పలుపు. జారిపోతుందన్న భయంతో చాలామంది చేతికి చుట్టుకుంటారు, కానీ పలుపు జారిపోతేనే మేలు, వేళ్లు మిగులుతాయి. గుంజకు ఒక చుట్టు వేసి కొస పట్టుకుంటే లాగుడంతా గుంజ మీద పడుతుంది.

తోక వెనక నిలబడ్డ మనిషి గేదెకు కనిపించడు, కాబట్టి మాట్లాడుతూ భుజం వైపు నుంచి వెళ్లాలి. గేదె వెనక్కే కాదు, కాలు ముందుకు తెచ్చి పక్కకు కూడా తన్నుతుంది. కొత్తగా ఈనిందైతే ఎంత సాధువైనా తల్లికీ దూడకీ మధ్యకు వెళ్లొద్దు.

కడుపులో తన్నితే మాత్రం పైకి గాయం లేదు కదా అని ఇంట్లో ఉండిపోకండి, లోపల ప్లీహమో కాలేయమో చిట్లి కొన్ని గంటల తర్వాత కూడా ప్రాణం మీదికి రావచ్చు. కళ్లు తిరిగినా, చెమటలు పట్టినా, ఎడమ భుజం నొప్పి పెట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పేడ, మట్టి తగిలిన గాయానికి ధనుర్వాతం భయం ఉంటుంది, సబ్బు నీళ్లతో బాగా కడిగి టీటీ వేయించాలి. పసుపు అద్ది ఊరుకోవద్దు.

పని చేస్తుండగా, ఆ పని వల్ల దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలన్న సూత్రం మన దేశంలో 1923 నాటి చట్టంతోనే వచ్చింది. పనివాడు కాస్త ఏమరుపాటుగా ఉన్నాడన్న ఒక్క కారణంతో అది పోదు. ఆయన పని ఇప్పుడు అమల్లో ఉన్న పరిహారం చట్టం కిందికి వస్తుందా అన్నది లేబర్ ఆఫీసులో అడగండి, లాయరు కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆసుపత్రి కాగితాలు, బిల్లులు, జీతం ముట్టినట్టు రుజువులు, అప్పుడు పక్కనున్న కూలీల పేర్లు ఈ వారంలోనే ఒకచోట పెట్టుకోండి. ట్రెవిస్ పెట్టించేదాకా సూదులప్పుడు పశువును పట్టుకోనని మీ ఆయన్ను యజమానితో గట్టిగా చెప్పమనండి.